ఆర్పకూడని దీపం

కంప్యూటర్లన్నీ హైటెక్ సిటీ కట్టాకే మన వైపు వచ్చాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ కింద జ్యూస్ బండి దగ్గర ఒకాయన, మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకుని, "మీ రోజుల్లో ఇవేవీ లేవు కదా ఆంటీ" అని జాలిగా అన్నాడు. ఆ జాలి నాకెందుకు? డెబ్బైల చివర్లో, చందానగర్ దాటాక బొంబాయి రోడ్డు మీద ఉన్న ఒక ఫ్యాక్టరీలో, నేను రోజంతా కంప్యూటర్ తెర ముందు కూర్చున్నాను. దాని వల్ల నా ఉద్యోగం ఊడబోయింది. దాని వల్ల అనడం కూడా తప్పే. పాపం అది యంత్రం. దాన్ని పాడుచేసిన మనిషి వల్ల.

కొత్తగూడ అప్పుడు ఊరు. బండలు, సీతాఫలం చెట్లు, జొన్న చేలు. మా ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేనే. టైపు వచ్చని ఫ్యాక్టరీలో ఆపరేటరుగా తీసుకున్నారు. స్టోర్స్ నుంచి ఏ సామాను ఎంత బయటికి వెళ్లిందో చీటీలు వస్తాయి, వాటిని కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. ఏడాది ప్రొబేషన్. దాటితే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. నాన్న పొద్దున్నే సైకిల్ మీద బస్సు దాకా దింపేవాడు. నేను పర్మినెంటు అయితే చెల్లెలిని కూడా కాలేజీకి పంపుతానన్నాడు. కాకపోతే ఇద్దరికీ సంబంధాలు చూసేస్తానన్నాడు. మాట మీద నిలబడే మనిషి మా నాన్న, అదే నా భయం.

మా సెక్షన్ ఆఫీసరుది కృష్ణా జిల్లా. ఎవరినీ 'అండి' లేకుండా పిలిచేవాడు కాదు. తిట్టేటప్పుడు కూడా అండి పెట్టే తిట్టేవాడు. అది నాకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకునేది. ఆ వైపు వాళ్లందరినీ అనడం లేదు. నా పక్క సీటు అమ్మాయిది గుంటూరు, బంగారం లాంటి పిల్ల. ఈయన మాత్రం ఎక్కడ పుట్టినా ఇలాగే ఉండేవాడు.

అసలు కంప్యూటర్ చల్లటి గదిలో బీరువాల వరసలా ఉండేది. నా బల్ల మీద, గుంటూరు అమ్మాయి బల్ల మీద ఉండేవి దాని తెరలు. టీవీ పెట్టె లాంటి పెట్టె, నల్లటి అద్దం మీద ఆకుపచ్చ అక్షరాలు, ముందు మీటలు. వాటి ప్రారంభోత్సవానికి హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడన్నారు. జ్యోతి వెలిగించాలి. ఆ గదిలోనేమో నిప్పు, నూనె, పొగ పనికిరావు, అగరుబత్తిని కూడా గుమ్మం దాటనివ్వరు. అందరూ తలలు పట్టుకున్నారు. మా ఆఫీసరు గళ్ల కాగితం మీద దీపపు సెమ్మె బొమ్మ గీసుకుని, ఒక్కో గడికి ఒక్కో చుక్క గుర్తు ఎక్కించి, నా బల్ల మీది తెర నిండా దీపం చేశాడు. కింద వెడల్పాటి పీట, మధ్యలో నిలువు కాడ, పైన ప్రమిద. వత్తి దగ్గర చుక్కలు మాత్రం మెరుస్తూ ఆరుతూ ఉండేవి. పెద్దాయన వచ్చి ఒక మీట నొక్కగానే దీపం వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బాగుంది మరి, లేదని ఎందుకు చెప్పాలి?

సాయంత్రం వెళ్లబోతూ తెర కట్టేయబోయాను. ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యో, పెద్దవారు వెలిగించిన దీపమండి. మన చేత్తో మనం ఆర్పుతామా? మండలం నిండనివ్వండి."

మన ఇళ్లలో దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కింది అంటాం. చేత్తో ఆర్పడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ నూనె దీపానికి నూనె ఉన్నంతసేపే ఆయుష్షు, ఆ తర్వాత దానంతట అదే కొండెక్కుతుంది. తెరలో నూనె లేదు. ఎవరో ఒకరు స్విచ్ నొక్కాలి. మండలం నిండింది. ఆ రోజు శుక్రవారం, శుక్రవారం పూట దీపం ఎలా ఆర్పుతామండి అన్నాడు. తర్వాత అమావాస్య వచ్చింది. ఆ తర్వాత ఆషాఢం, శుభం కాదన్నాడు. ఇంట్లో చెబితే మా అమ్మ కూడా భయపడింది. "నువ్వైతే ముట్టకు బిడ్డా. ఎవరన్న ఆర్పుకోనీ, నీకెందుకు?" అంది. అన్నాళ్లూ గుంటూరు అమ్మాయీ నేనూ ఒకే తెర మీద వంతులేసుకుని పనిచేశాం. రెండో తెర మీద దీపం కదలకుండా వెలుగుతూనే ఉంది.

చివరికి ఒక వానరోజు కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకోలేదు. దీపం పోయింది. ఎవరి చేతికీ పాపం అంటలేదని ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నాడు. కరెంటు వచ్చాక ఆ తెర మళ్లీ నాకిచ్చాడు. నాలుగు వరసలు కొట్టి ఆగిపోయాను. అక్షరాల వెనక సెమ్మె అలాగే ఉంది. పీట, కాడ, ప్రమిద, అన్నీ. మెరుస్తూ ఆరుతూ ఉన్న వత్తి దగ్గర మాత్రం కాస్త శుభ్రంగా ఉంది. ఒకే బొమ్మ అన్నాళ్లు కదలకుండా వెలిగితే అద్దం లోపలి పూత ఆ మేరకు కాలిపోతుందట. కాలిన చోట మళ్లీ అక్షరం పడితే వెలగదు, మసకగా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.

"సార్, జర ఇటు చూడుండ్రి. దీపం గుర్తు పోతలేదు. అంకెలు సరిగ కనవడ్తలేవు."

ఆయన రాలేదు. కూర్చున్న చోటి నుంచే అన్నాడు. "కొత్తలో అలాగే ఉంటుందండి. పల్లెటూరి వారు కదా, మీ చూపు గట్టిగా ఉంటుంది. అలవాటు పడతారు."

అలవాటు ఎలా పడతాం? ఎన్ని సామాన్లు బయటికి వెళ్లాయో చూపించే వరస సరిగ్గా ఆ కాడ మీదే పడేది. అక్కడ మూడుకు, ఎనిమిదికి తేడా తెలిసేది కాదు. సున్నా, ఆరు ఒకేలా ఉండేవి. ఎక్కించింది సరిచూసుకుందామంటే సరిచూసుకోవాల్సిన చోటే మచ్చ. వెలుగు పెంచి చూశాను, మెడ వంచి చూశాను, చేత్తో గొడుగులా అడ్డం పెట్టుకుని చూశాను. ఆ వరసను రెండు వేళ్ల మేర పక్కకు జరపమని అడిగితే, పై వాళ్లు ఒప్పుకున్న పద్ధతండి, మీ కోసం మారుస్తారా అన్నాడు. గుంటూరు అమ్మాయి తన తెర నాకిచ్చి ఒక పూట నా దాని ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి తలనొప్పితో బల్ల మీద వాలిపోయింది. "ఇది మనిషి చూసేది కాదు అక్కా" అంది. ఆ మాట ఆఫీసరుతో చెప్పమన్నాను. తలవంచుకుంది. తనదీ ప్రొబేషనే, నేను మళ్లీ అడగలేదు.

అనుకున్నంతా అయింది. ఒక రకం బేరింగులు స్టోర్స్‌లో దండిగా ఉన్నాయని తెర చూపించింది, వెళ్లి చూస్తే అరలు ఖాళీ. ఎనిమిది వందలు బయటికి వెళ్లిన చోట వేలు జారి మూడు వందలు కొట్టి, సరిచూసుకోలేకపోయానన్నమాట. కింద వర్క్‌షాపులో మిషన్లు సాయంత్రం దాకా ఆగిపోయాయి. ఆఫీసరు నన్ను పిలిచి, మెత్తగా, అందరూ వినేలా అన్నాడు.

"తప్పు మీది కాదండి. మీ కళ్లది. చూపులో లోపం ఉన్నవారిని ఈ పనిలో ఉంచకూడదు. పరీక్ష చేయించుకు రండి, పర్మినెంటు సంగతి తర్వాత చూద్దాం."

నిన్నటిదాకా గట్టి చూపు ఉన్న పల్లెటూరి పిల్లను, ఇవాళ గుడ్డిదాన్నయ్యాను. ఆయన ముఖం మీద అక్కడున్న చీటీల కట్ట విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. చెల్లెలు గుర్తొచ్చింది.

ఫ్యాక్టరీ దవాఖానలో డాక్టర్ గోడకు తగిలించిన అట్ట చదవమన్నాడు. పై నుంచి కింద దాకా చదివాను. అట్ట అంచున అచ్చువేసిన ఊరి పేరు కూడా చదివాను. ఆయన నవ్వి, "నీ కండ్లు మంచిగున్నయమ్మా. ఏం ఫికర్ లేదు, పో" అన్నాడు. ఆ మాట మా ఆఫీసరుకు చాలలేదు. ఇక్కడి డాక్టర్లకు ఏం తెలుస్తుందండి, సిటీలో పెద్ద దవాఖానలో చూపించుకోండి అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. నా కళ్లు బాగున్నాయంటే అద్దం పాడైనట్టు. అద్దం పాడైందంటే దాన్ని పాడుచేసింది పెద్దాయన మెచ్చుకున్న ఆ దీపం. అందుకే నా కళ్లు పోవాలి.

ఇంట్లో అమ్మ రోజూ పొన్నగంటి కూరే వండేది. కళ్లకు మంచిదని. నాకు కళ్లు బాగానే ఉన్నాయి మొర్రో అంటే వినేది కాదు. "మంచిగుంటే ఆఫీసుల గట్లెందుకంటరు?" అనేది. ఊళ్లో కూడా పాకింది. బావి దగ్గర ఒకామె నా ముఖం ముందు వేళ్లు ఊపి ఎన్ని అని అడిగింది. ఆ రోజు నేనన్న మాట ఇక్కడ రాయను. నాన్న చెల్లెలి కాలేజీ మాట ఎత్తడం మానేశాడు.

ప్రొబేషన్ ముగిసే ముందు పెద్దాయన మళ్లీ వచ్చాడు. లోపలికి అడుగుపెడుతూనే "ఏదయ్యా, నా దీపమేది?" అన్నాడు. మా ఆఫీసరు మురిసిపోయి, గుంటూరు అమ్మాయిని లేపి, ఆ తెర మీద దీపం వేయబోయాడు. నేను లేచాను.

"సార్, మీ దీపం ఇక్కడున్నది. ఇగ చూడుండ్రి" అని నా తెర కట్టేశాను.

వెలుగంతా పోయాక కూడా నల్లటి అద్దం మీద గోధుమరంగు సెమ్మె నిలబడే ఉంది. పెద్దాయన దగ్గరికి వచ్చి వేలితో రుద్ది చూశాడు. అది పోలేదు.

"లోపల కాలింది సార్. దీని మీద వడ్డ అంకెలు కనవడయి. కనవడక తప్పులైతే నా కండ్లు పోయినయంటున్నరు. డాక్టరేమో మంచిగున్నయన్నడు. నన్నేం జెయ్యమంటరు?"

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆఫీసరు నవ్వుతూ ముందుకొచ్చాడు. "చిన్న మచ్చేనండి. అంకెలు చక్కగా కనిపిస్తాయి. ఈవిడకే కాస్త చూపు..."

"అట్లనా? అయితే మీరు చదవండి" అన్నాడు పెద్దాయన.

నేను తెర మళ్లీ వేసి, ఆ పూట వచ్చిన చీటీ ఒకటి ఎక్కించాను. చీటీని పెద్దాయన చేతికిచ్చాను. ఆఫీసరు వంగాడు. కాడ మీద పడిన అంకె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. కనిపించడం లేదని అంటే చాలు. నేను నెలల తరబడి అంటున్న మాట ఒక్కసారి ఆయన అంటే చాలు, అంతటితో అయిపోయేది.

"ఎనిమిదండి" అన్నాడు.

"సరిగా చూసి చెప్పండి."

"ఎనిమిదేనండి. స్పష్టంగా ఉందండి."

పెద్దాయన చీటీ ఆయన ముక్కు ముందు పెట్టాడు. దాని మీద ఉన్నది మూడు. పెద్దాయన నా తెర మార్చమని, నా పర్మినెంటు ఆపొద్దని అక్కడే చెప్పి వెళ్లిపోయాడు. నాకు సంతోషం కంటే కసి ఎక్కువగా ఉంది. ఇంత చిన్న సంగతికి నన్ను ఊరంతటి ముందు గుడ్డిదాన్ని చేశారని బస్సులో దారంతా పళ్లు కొరుక్కున్నాను. ఇంటికి వెళ్లాక నాన్న నోట చెల్లెలి కాలేజీ మాట వినేదాకా అన్నం ముట్టలేదు.

వారం తిరక్కుండా నా బల్ల మీదికి కొత్త తెర వచ్చింది. అదే రోజు మా ఆఫీసరు కూడా నల్ల ఫ్రేము కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. సిటీలో పెద్ద డాక్టర్‌కు చూపించుకున్నానని, చాలాకాలంగా చూపు తగ్గిందని, ఆ సంగతి ఇప్పుడే తెలిసిందని సెక్షన్‌లో ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. అద్దం కాలిందన్న మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

"వయసుతో వచ్చేదేనండి. మీరూ ఒకసారి చూపించుకోవలసిందండి" అన్నాడు.

"నాకు మంచిగ కనవడ్తుంది సార్. మీరు కూడ మంచిగనే కనవడ్తున్నరు" అన్నాను తల ఎత్తకుండా. చేతిలో ఉన్న చీటీ ఎక్కించడం మొదలుపెట్టాను.