మా పాపా? మన పాపా?

నిన్న పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి వంటింట్లోకి వెళ్ళేసరికి, పురుటికి వచ్చి ఇంకా మా దగ్గరే ఉన్న మా అమ్మాయి పొయ్యి ముందు నిలబడి ఉప్మా కలుపుతోంది. చంకలో బిడ్డ లేడు. ఏడీ అని చూస్తే, వాడు వాళ్ళమ్మ వీపుకు అతుక్కుని, పాత దుప్పట్లో బిగుతుగా చుట్టుకుని, చెంప ఆమె భుజానికి ఆనించి హాయిగా నిద్రపోతున్నాడు. మా ఇళ్ళల్లో పిల్లల్ని చంకనెత్తుకుంటాం, భుజాన వేసుకుంటాం, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఊపుతాం. అంతేగాని ఇలా వీపుకు కట్టుకోవడం మా అమ్మ దగ్గరా చూడలేదు, మా అత్తగారి దగ్గరా చూడలేదు. ఇదెవరు నేర్పారే నీకు అని అడిగాను.

“ఎవలు నేర్పలే అమ్మా. చంకల ఉంటలేడు, ఊకె ఏడుస్తాండు. గిట్ల కట్టుకుంటే చప్పున పన్నడు,” అంది.

తనకు గుర్తు లేదు. నాకు గుర్తుంది. ఇన్నేళ్ళు గడిచాయి, దేవుడి దయవల్ల కూతురు పెద్దదై తల్లి కూడా అయింది, అయినా ఆ ముడి చూడగానే నా కడుపులో పాత మంట ఒకటి లేచి కూర్చుంది. ఆ ముడి వేసింది నా కూతురే అయినా, వేయించింది నేను కాదు.

నా ఈడువాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో మన వైపు విదేశమంటే దుబాయి, లేకపోతే అమెరికా. కొరియా అంటే ఎటు దిక్కో ఎవరికీ తెలియదు. మా ఆయన ఇక్కడ ఇంజనీరింగు కాలేజీలో బట్టల తయారీ గురించి పాఠాలు చెప్పేవారు. అక్కడొక బట్టల మిల్లుల ఊళ్ళో యూనివర్సిటీవాళ్ళు దారం మీద పరిశోధనకు రమ్మన్నారు. మా అత్తగారు వాడకట్టంతా తిరిగి, కొడుకు చైనా పక్కపొంటి పోతున్నాడని చెప్పి వచ్చారు. నేనేమో బడి మెట్లెక్కని దాన్ని. చిన్నతనంలో ఒంట్లో బాగుండక బడికి పంపకపోతే, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మా తాత మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు, పద్యాలు చదివించాడు, ఏ మాట ఎక్కడ వాడాలో చెప్పాడు. ఒకసారి నూలు తెచ్చిన మనిషి ముందు నేను “మన ఇల్లు” అంటే, ఆయన వెళ్ళాక తాత నవ్వి, “మనిల్లు అంటే వచ్చినోన్ని గూడ లోపట కూసోవెట్టినట్టు బిడ్డా. మాయిల్లు అంటే గడప అవతల నిలవెట్టినట్టు. ఎవలను ఏడ నిలవెట్టాల్నో చూసుకొని మాట్లాడాలె,” అన్నాడు. ఆ పాఠం నాకు బాగా వంటబట్టింది. వంటబట్టకపోయినా బాగుండేదేమో.

మేం అక్కడ దిగేటప్పటికి మా అమ్మాయికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. మేడ మీద రెండు గదులు మాకు, కింద ఇంటామె. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, ఒక్కతే ఉండేది. మొదటిరోజే మెట్ల దగ్గర నిలబడి ఇల్లంతా చేత్తో చూపిస్తూ “ఉరి జిప్, ఉరి జిప్” అంది. నాకు ఉరి అన్న మాట ఒక్కటే చెవిన పడింది. ఈ ఇంట్లో ఎవరో ఉరేసుకున్నారు కాబోలు, పెద్దమనిషి గనక ముందే చెప్పేస్తోందని, బిడ్డను గట్టిగా పట్టుకుని మా ఆయన వంక చూశాను. ఆయన పడీపడీ నవ్వి, జిప్ అంటే ఇల్లట, ఉరి అంటే మా అనట, మా ఇల్లు అంటోందట అని చెప్పారు. ఎన్ని నెలలైనా ఆ మాట విన్నప్పుడల్లా నాకు మెడ దగ్గర ఏదో బిగుసుకున్నట్టే ఉండేది.

మిగతావాటికి త్వరగానే అలవాటు పడ్డాను. చెప్పులు గుమ్మం బయట విడవడం మనలాగే. నేల మీద కూర్చుని తినడం, నేల మీదే పడుకోవడం మనలాగే, కాకపోతే వాళ్ళ నేల చలికాలం కింది నుంచి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి ఇప్పటికీ రోజూ దండం పెట్టుకోవచ్చు. ఏదైనా ఇచ్చేటప్పుడు ఎడమచేయి కూడా కలిపి రెండు చేతులతో ఇస్తారు. ఎడమచేత్తో ఏదీ ఇచ్చిపుచ్చుకోకుండా పెరిగిన నాకు మొదట్లో పండైనా సరే పుచ్చుకోబుద్ధి కాలేదు, తర్వాత తెలిసింది అది మర్యాదని. నేను పొద్దున్నే ఊదుబత్తి వెలిగిస్తే ఇంటామె పైకొచ్చి తల వంచుకుని నిలబడింది. వాళ్ళకు ఊదుబత్తి పెద్దల తద్దినాలకట.

“మనింట్ల ఎవలు పోయిన్రని అడుగుతాంది, రోజూ ముట్టిస్తున్నవ్ గదా,” అన్నారు మా ఆయన.

“ఎవలు పోలే, అందరు మంచిగున్నరని చెప్పుండ్రి. దేవునికని చెప్పుండ్రి,” అన్నాను. ఆమె చాలాసేపు నా వంక జాలిగానే చూసింది.

అమ్మను ఒమ్మా అంటారని, నాన్నను అప్పా అంటారని తెలిసినప్పుడైతే నా చుట్టాల ఊరికే వచ్చినట్టు సంబరపడ్డాను. ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు.

కొత్త నేల, కొత్త నీళ్ళు, మా అమ్మాయి సరిగ్గా నిద్రపోయేది కాదు. నేను చంకనేసుకుని గదంతా తిరిగి తిరిగి నడుం పడిపోయి కూర్చుంటే, ఆ ఏడుపు విని ఇంటామె పైకొచ్చేది. వెడల్పాటి బొంతలాంటి గుడ్డ ఒకటి తెచ్చి, వంగి, బిడ్డను వీపు మీద వేసుకుని, గుడ్డ చుట్టి, రొమ్ము దగ్గర తాళ్ళు బిగించి ముడేసి, చేతులు వెనక్కి పెట్టి అటూ ఇటూ నడిచేది. మెట్లు దిగేలోపే నా బిడ్డ నిద్రపోయేది. నేను కన్న బిడ్డ, నా పాలు తాగిన బిడ్డ, నా చంకలో పెనుగులాడిన బిడ్డ, మాట తెలియని ముసలామె వీపు మీద రెండు నిమిషాల్లో నిద్రపోయేది. మొదట్లో దేవుడే పంపాడని దండం పెట్టాను. తర్వాత్తర్వాత దండం పెడుతూనే పళ్ళు కొరుక్కున్నాను.

నాలుగు నెలలకు నా కూతురు పప్పన్నం కలిపితే మొహం తిప్పుకునేది, కింద ఆమె చేసిన సముద్రపు నాచు చారులో అన్నం వేస్తే గిన్నె నాకేది. ఇంటామె దానికి చిన్న ఇనుప పుల్లలతో తినడం నేర్పింది. నేను చేత్తో ముద్ద పెట్టబోతే అది నోరు తెరవకుండా పుల్లల కోసం చూసేది. వీధిలో ఎవరైనా ముద్దు చేస్తే ఇంటామె గర్వంగా “ఉరి ఆగి” అనేది. ఆగి అంటే పాప. మా పాప అని. వీధివాళ్ళతో అంటే పోనీలే అనుకోవచ్చు. ఒకరోజు సాయంత్రం బిడ్డను నా చేతికిస్తూ నా మొహం మీదే అంది, ఉరి ఆగి కడుపు నిండా తిన్నదని. మా పాప తిన్నదట! ఎవరితో చెబుతోంది? కన్నతల్లితో చెబుతోంది. మా తాత లెక్కన నేను గడప అవతల నిలబడ్డట్టేగా. ఆ సాయంత్రం మా ఆయన మీద ఎగిరాను.

“మా పాప అంటదేంది? ఆమె కన్నదా? తొమ్మిది నెలలు ఆమె మోసిందా?”

“ముసలామె, ప్రేమకు అంటాంది. గంత ఫికర్ ఎందుకు?”

“మీకేం, పొద్దున పోతే పొద్దుగూకినంక వస్తరు. బిడ్డ వాళ్ళదయితాంది ఈడ.”

అన్నమాట నిజమే అయ్యేలా ఉందని మర్నాడే తెలిసింది. కిందికి పోతానని మారాం చేస్తూ నా కూతురు నా వేలు పట్టుకుని మెట్ల వైపు లాగి, “ఉరి జిప్ కాజా,” అంది. కాజా అంటే పోదాం పద అని. మా ఇంటికి పోదాం పద అని నా కూతురు నన్ను కింది ఇంటికి పిలుస్తోంది, చుట్టాన్ని పిలిచినట్టు. నేను వంట చేస్తున్న ఇల్లు, దీపం పెడుతున్న ఇల్లు దానికి ఇల్లు కాదన్నమాట. ఆ పూటే మెట్ల దగ్గరి తలుపు వేసి గడియ పెట్టాను. ఇంటామె వచ్చి తలుపు తట్టి, పిలిచి, కాసేపు నిలబడి దిగిపోయేది. వారం తిరక్కుండానే బిడ్డకు జ్వరం పట్టుకుంది. దవాఖానలో మందులిచ్చారు, తగ్గుతుందన్నారు. తగ్గలేదు. బిడ్డను నా ఒళ్ళో పెట్టుకుని, నా బిడ్డను నాకుంచు స్వామీ అని తప్ప ఇంకో మొక్కు నా నోట రాలేదు.

ఒకనాడు తెల్లవారుతుండగా కిటికీ దగ్గరికి వెళితే కింద పెరట్లో ఇంటామె కనపడింది. పచ్చళ్ళు, సాసులు పెట్టుకునే పెద్ద పెద్ద జాడీల మధ్య ఒక గిన్నెలో నీళ్ళు పెట్టి, దాని ముందు వంగి వంగి లేస్తూ, రెండు అరచేతులూ ఒకదానికొకటి రుద్దుకుంటూ ఏదో వేడుకుంటోంది. అక్కడ విగ్రహం లేదు, పటం లేదు, పువ్వు కూడా లేదు. అయినా అది పూజేనని నాకెవరూ చెప్పనక్కర్లేదు. చెవి పెట్టి విన్నాను. ఉరి ఆగి, ఉరి ఆగి అంటోంది. దేవుడి దగ్గర కూడా మా పాపేనా అని ఒళ్ళు మండింది. మరుక్షణమే ఇంకో మాట విన్నాను. “ఉరి ఆగి ఒమ్మా.” తల మేడ వైపు ఎత్తి, మళ్ళీ వంగి, మళ్ళీ అదే అంది. ఆగి ఒమ్మా అంటే ఆ ఇంట్లో ఇంకెవరు, నేనే. నన్ను కూడా ఉరి అంటోంది. నా పేరున కూడా ఆ అరచేతులు రుద్దుకుంటున్నాయి. మా అనుకుంటే నేను బయటి దాన్ని కావాలి, బయటి దాని కోసం ఇలా ఎవరైనా మొక్కుతారా? మా ఆయన్ను తట్టి లేపాను.

“ఉరి అంటే మా అన్నరు గదా. మన గూడ అయితదా?”

“రెండు అదే. వాళ్ళకు మా, మన అని రెండు లేవు, ఒక్కటే మాట.”

“గది మొదాలు చెప్పాలె గదా!”

“నువ్వు అడిగినవా? ఉరి అంటె ఏంది అన్నవ్, మా అని చెప్పిన,” అని ఆయన అటు తిరిగి పడుకున్నారు. ఇంత చదువుకున్న మనిషి!

గడియ తీశాను. జ్వరం ఆ వారంలోనే తగ్గింది. మందుల వల్లో, నీళ్ళ గిన్నె వల్లో, నా స్వామి వల్లో నేను విడదీసి చెప్పను, ముగ్గురికీ దండం. కానీ అర్థం తెలిసినంత మాత్రాన కుళ్ళు పోయిందని అనుకునేరు, పోలేదు. మన పాప అన్నా సగం వాటా పోయినట్టేగా. నా బిడ్డ ఆమె వీపు మీద కళ్ళు మూసుకున్న ప్రతిసారీ నాకు మండేది. మండుతూనే బిడ్డను తీసుకెళ్ళి ఆమెకిచ్చేదాన్ని.

మా ఆయన పరిశోధన ముగిసి తిరిగి వచ్చేసే రోజు, కారు వచ్చి నిలబడ్డాక, ఇంటామె నన్ను వెనక్కి తిప్పి, నా నడుం వంచి, బిడ్డను నా వీపు మీద వేసి, తన గుడ్డే చుట్టి, ముడి నా చేతే మళ్ళీ మళ్ళీ వేయించింది. సరిగ్గా పడ్డాక నా వీపు మీద ఒకటి చరిచి, మా వెంట గేటు దాకా కూడా రాకుండా లోపలికి వెళ్ళిపోయింది. కారు ఎక్కక ముందే బిడ్డ బరువు మారింది. అది నా వీపు మీద నిద్రపోయింది, మొదటిసారి. వరంగల్ స్టేషన్లో మా అత్తగారు చూసి, “గదేందే, కోతిపిల్ల లెక్క కట్టుకున్నవ్! చంక లేదా నీకు?” అనేసరికి నలుగురూ నవ్వారు. అక్కడే విప్పేశాను. కొన్నాళ్ళు ముసలామె కోసం ఏడ్చి, తర్వాత మా అమ్మాయి ఆమెనూ మరిచిపోయింది, ఆ మాటలనూ మరిచిపోయింది. లోపల్లోపల నేను సంతోషించాను. ఒకటి రెండేళ్ళు పండగలకు ఫోన్లు చేసుకున్నాం. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

ఇప్పుడు వచ్చే నెల మా అమ్మాయి బిడ్డను తీసుకుని హైదరాబాదు వెళ్ళిపోతుంది, ఆఫీసు మొదలు. వాణ్ణి చూసుకోవడానికి ఒక ఆయాను ఫోన్లోనే వెతికి మాట్లాడారు. ఆమె ఎలా ఎత్తుకుంటుందో చూడ్డానికి గదిలో కెమెరా కూడా పెడతారట. మా రోజుల్లో పక్కింటివాళ్ళు అడక్కుండానే వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు, మా పిల్ల, మా పిల్లగాడు అనేవాళ్ళు. మన వరంగల్‌లోనూ అంతే, ఆ దేశంలోనూ అంతే. ఇప్పుడు అపార్టుమెంట్లలో ఎవరి పిల్లలు వాళ్ళ పిల్లలే, పరాయి బిడ్డను ముట్టుకోవాలంటే భయం, ముట్టుకోనివ్వాలంటే ఇంకా భయం. నేనింకా మొహం కూడా చూడని ఆ ఆయా మీద నాకు ఇప్పటి నుంచే కుళ్ళుగా ఉంది, నా మనవడి నిద్ర, వాడి మొదటి అడుగులు ఆమె పాలబడతాయి కదా అని. అయినా పొద్దున దీపం ముందు నిలబడి నేను మొక్కుతున్నది మాత్రం, ఆమె నోటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు మా బాబు అన్న మాట రావాలని. వస్తే నా కడుపు మండుతుంది. రాకపోతే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు.