అమ్మ పట్టిన పథ్యం

నా చిన్నప్పుడు ఆత్మకూరులో, మా ఇంట్లో చంటిబిడ్డకు ఏమొచ్చినా తప్పు పాలిచ్చే తల్లి తిండిదే. నాకది బాగా కలిసొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా తమ్ముడికి అయిదో నెల, నాకు తొమ్మిదేళ్లు. అన్నప్రాశన దాకా వాడి నోట్లో పాలు తప్ప ఏదీ పడకూడదని అవ్వ కట్టడి. ఒక మధ్యాహ్నం నేను వేయించిన శనక్కాయలూ బెల్లమూ తింటుంటే, వాడు నా నోటివంకే చూస్తూ చొంగ కార్చుకున్నాడు. పాపం అనిపించింది. మెత్తగా నమిలి, ఆ ముద్ద వేలితో తీసి వాడి నాలుక మీద రాశాను. చప్పరించాడు వెధవ, ఎంత నవ్వాడో!

కాసేపటికే పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, తాగిన పాలన్నీ కక్కేశాడు. ఊపిరి గురగురమంది. పొద్దుగూకే లోపల తెరిపిన పడ్డాడు గానీ, అవ్వ అమ్మ మీద విరుచుకుపడింది.

“ఏం తిన్నావే? నిజం చెప్పు!”

“ఏం తినలేదత్తా.”

ఆ రోజునుంచి అమ్మకు పథ్యం. మిరియాల పొడి, ఉప్పు, అన్నం, అంతే. పక్కనే కూర్చుని నేను పప్పూ నెయ్యీ కలుపుకుని తిన్నాను. నోరు తెరిస్తే అవ్వ వీపు చీరేస్తుందని భయం. అమ్మ చిక్కిపోతున్నా గమ్మునే ఉన్నాను.

ఆరో నెలలో అన్నప్రాశన పెట్టారు. పాయసం నాకించాక అవ్వ పళ్లెంలోని శనక్కాయ ఉండను చిదిమి, బలం రావాలంటూ వాడి నోటిదాకా తెచ్చింది. అమ్మ చెవి దగ్గరికి పోయి చెప్పేశాను.

“వద్దు మా! ఆ పొద్దు నేనే పెట్టినాను, శనక్కాయలు.”

అమ్మ నా వంక ఒక్కసారి చూసింది. చటుక్కున అవ్వ చెయ్యి పట్టుకుంది.

“వద్దత్తా, శనక్కాయలు వాడికి పడవు. ఆ పొద్దు నేనే తిన్నాను. నీతో అబద్ధం చెప్పినాను.”

“ఎంత పని చేసినావే! బిడ్డకంటే నీకు నాలిక ముఖ్యమైపోయిందా?”

వచ్చిన చుట్టాలందరి ముందూ అమ్మ తలొంచుకుంది. నేను వెనకాల ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. పథ్యం ఇంకో మూడు నెలలు సాగింది. పోయేదాకా అవ్వ ఆ మాట ఎత్తిపొడుస్తూనే ఉంది. నేనని నేను చెప్పనూ లేదు, చెప్పమని అమ్మ అడగనూ లేదు.

తమ్ముడు శనక్కాయలు ముట్టకుండానే తాతయ్యాడు. నేను మాత్రం మునిమనవళ్లకు ఏ కొత్త ముద్ద పెట్టినా వాళ్లమ్మకు చెప్పే పెడతాను. బిడ్డ ఒళ్లు కాస్త కందితే చాలు, ఎవరూ అడక్కముందే “నేనే పెట్టినాను, నేనే” అంటాను. ఆ మాట వినాల్సిన ఇద్దరూ ఇప్పుడు లేరు.