తాగని మనిషి మీద పడ్డ నింద

2023 ఎండాకాలం. బరంపురంలోని ఒక ఆసుపత్రిలో నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. రేడియోధార్మిక మందు సిద్ధం చేసి, రోగికి ఎక్కించి, స్కాన్ తీయడం నా పని. ఆ రోజు గిరిసోల నుంచి అప్పారావు, ఆయన భార్య గౌరమ్మ వచ్చారు. ఆయనది సైకిళ్లు బాగుచేసే కొట్టు. ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు.

బాధేమిటని అడిగితే గౌరమ్మే అందుకుంది.

"ఏటుంది బాబూ, సాటుగా తాగుతాడు. ఉన్నట్టుండి మొకం ఎర్రగా కందిపోద్ది. ఆనక విరేచనాలు. అడిగితే తాగనేదంటాడు. రెండేళ్లయి నేను మాటాడ్డం మానేసినాను."

"ఒట్టేసినా నమ్మదు బాబూ," అన్నాడాయన, నేలకేసి చూస్తూ.

డాక్టరుగారి అనుమానం న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ మీద. అది హార్మోన్లు వదిలే రకం కేన్సర్ గడ్డ. పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్క ఒకటి ఇలాంటి గడ్డను వెతుక్కుంటూ వెళ్లి అతుక్కుంటుంది. దానికి గ్యాలియం-68 అనే రేడియోధార్మిక లోహం తగిలించి నరంలోకి ఎక్కిస్తే, పెట్ స్కాన్‌లో గడ్డ ఉన్నచోటు వెలుగుతుంది.

వెలిగింది. చిన్నపేగులో ఒకచోట, కాలేయంలో కొన్నిచోట్ల.

డాక్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ముఖం కందిపోయేదీ, విరేచనాలయ్యేదీ ఈ గడ్డ వదిలే రసాయనాల వల్లేనన్నారు. గౌరమ్మ కేన్సర్ గురించి ఏమీ అడగలేదు.

"అంటే ఈయన తాగనేదా?"

"లేదమ్మా."

ఆమె లేచి వెళ్లి కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "మరి గట్టిగా సెప్పొచ్చు కదా!" అని గదమాయించింది, ఏడుస్తూనే.

"సెప్తే ఇన్నావేటి?" అన్నాడాయన. అంత పెద్ద జబ్బు పేరు విన్న మనిషి ముఖంలో నవ్వు చూడటం నాకదే మొదటిసారి.

అలాంటి పెప్టైడ్‌కే గ్యాలియం బదులు లుటీషియం-177 తగిలిస్తే, గడ్డను లోపలే కాల్చే మందవుతుంది. ఆ వైద్యం మా దగ్గర లేదు, విశాఖ పంపాం. మందు ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లోంచి కొంత రేడియేషన్ వస్తుంది కాబట్టి కొన్నాళ్లు ఎడంగా ఉండమన్నారట.

"ఆయన అరుగు మీద, నేను ఇంటి లోపల. మాట మాత్రం ఆపనేదు బాబూ, ఈదంతా ఇన్నాది," అంది గౌరమ్మ, మళ్లీ స్కాన్‌కి వచ్చినప్పుడు.

గడ్డలు పూర్తిగా పోలేదు, చిన్నవయ్యాయి. ముఖం కందడం బాగా తగ్గింది. ఆయన కొట్టు తెరుస్తున్నాడు.

గడ్డ ఎక్కడుందో నా స్కాన్ చూపిస్తుంది. దాని పేరు తెలియక ఇంట్లో ఎవరు ఎంత నింద మోస్తున్నారో చూపించదు. అందుకే ఇప్పుడు సూది వేసే ముందు రోగి పక్కన కాసేపు కూర్చుంటాను. "ఇంట్లోవాళ్లు దీన్ని ఏమనుకుంటున్నారు?" అని అడుగుతాను.