లోపలి కొలతలు నేర్పిన వసుంధరక్క

పక్క ఫ్లాటు వాళ్ళు ఎండుమిరపకాయలు వేయించినట్టున్నారు. ఘాటు వంటింటి కిటికీలోంచి వచ్చి గొంతుకు అడ్డం పడింది. మావారు దగ్గుతూ కిటికీలన్నీ మూస్తుంటే నేను మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాను. నరసరావుపేటలో నేను మొదట ఉద్యోగం చేసిన ఆఫీసు కింద మిరపకాయల కొట్టు ఉండేది. అక్కడ కాయలు గుమ్మరించిన రోజు మేడ మీద మాకు తుమ్ములే తుమ్ములు. తుమ్మితే ఆగాలనే పట్టింపు పెట్టుకుంటే ఆ ఆఫీసులో ఒక్క పనీ మొదలయ్యేది కాదు. అందరికంటే గట్టిగా తుమ్మేది మా బాసు వసుంధరక్క. తుమ్మి, "శుభం, ఇక కానీండి" అని తనే అనేది.

మేడమ్ అని పిలిస్తే పలికేది కాదు. హైదరాబాదులో పెద్ద కంపెనీలో పనిచేసి, పల్నాడులో కూర్చుని కూడా మంచి సాఫ్ట్‌వేర్ రాయొచ్చని మొండికేసి వచ్చేసిన మనిషి. కోపం ఎంత తొందరగా వచ్చేదో నవ్వూ అంత తొందరగా వచ్చేది. నన్ను ఇంటర్వ్యూ చేసిన రోజు నా మార్కుల కాగితాల వంక కూడా చూడలేదు.

"మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అని అడిగింది.

"ఉందండీ."

"అది సరిగ్గా చల్లబడతందో లేదో ఎట్టా తెలుస్తది నీకు?"

ఇదేం ప్రశ్నరా దేవుడా అనుకుంటూ, "తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూస్తాం" అన్నాను.

"ఆ! బయట తలుపు తడిమి చెప్పలా గదా. రేపట్నుంచి వచ్చెయ్." నాకు ఉద్యోగం వచ్చిందని అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో అర్థం కావడానికి మాత్రం మిరప సీజన్ దాకా ఆగాల్సి వచ్చింది.

మాకున్న ఒకే ఒక పెద్ద కస్టమర్ ఊరి బయటి కోల్డ్ స్టోరేజీ. దాని యజమాని కోటిరెడ్డి గారిని అక్క బాబాయ్ అనేది, మేమూ అలాగే అనేవాళ్ళం. రైతు మిరప బస్తాలు తెచ్చి గేటు దగ్గర టోకెన్ తీసుకుంటే, ఎవరి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చూపించే అప్లికేషన్ మాది. అది నడిచేది వర్చువల్ మెషీన్ మీద. అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లో మనం అద్దెకు తీసుకున్న ఒక పోర్షన్ అనుకోండి. ఇల్లు వాళ్ళది, కాపురం మనది. సీజన్ మొదలై దుర్గి నుంచీ మాచవరం నుంచీ ట్రాక్టర్లు రావడంతోటే ఆ కాపురం కాస్తా గందరగోళమైంది. బటన్ నొక్కితే స్క్రీన్ అలా తిరుగుతూనే ఉండేది. గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్ల వరుస రోడ్డెక్కింది.

కోటిరెడ్డి బాబాయి స్వయంగా మా మేడ మెట్లెక్కి వచ్చాడు. "అమ్మాయ్, మనూరి పిల్లవని పెట్టించా. సోమారం గూడా ఇట్టనే ఆగిందా, తీసి అవతల పారేసి చేత్తో చిట్టీలు రాసుకుంటాం. ఎండలో నిలబడ్డోళ్ళు తిట్టేది నన్ను, నిన్ను గాదు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆ ఒక్క కస్టమర్ పోతే మా ఆఫీసుకు తాళమే. ఆయన వెళ్ళగానే అక్క కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుంది.

మెషీన్ ఎంత పని చేస్తోందో చూపే గ్రాఫులు తెరిచి చూస్తే అది హాయిగా నిద్రపోతోంది. ప్రాసెసర్ ఖాళీ, మెమరీ ఖాళీ. అయినా నాతో పనిచేసే మస్తాన్, "ఇంకా పెద్ద మెషీన్ తీసుకుందాం అక్కా" అన్నాడు.

"ఒరేయ్, ఉన్న గదుల్లోనే మనుషుల్లేరు, ఇంకో గది అద్దెకు తీసుకుంటావా?" అంది అక్క. "మనం చూసేది ఇంటి బయటి గోడ. లోపల అప్లికేషన్ ఏం చేస్తందో దాన్నే అడగాల."

అలా అడిగి చెప్పడానికి ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది ఆ మెషీన్ మీదే కూర్చుని, నడుస్తున్న అప్లికేషన్ లోపల ఏ పనికి ఎంతసేపు పడుతోంది, ఏ పని దేనికోసం ఆగి ఉంది అని పోగుచేసి మనకు పంపుతుంది. అక్క తనే కూర్చుని పెట్టింది. పెట్టినావిడ ఊరుకోవచ్చు గదా, ఉత్సాహం పట్టలేక కనిపించినదల్లా కొలవమంది. కొలతలతోనే డిస్కు నిండిపోయి, అంతవరకూ ఈడుస్తూ నడిచిన అప్లికేషన్ కాస్తా పూర్తిగా పడుకుంది. మేం బిక్కచచ్చిపోయి చూస్తుంటే అక్క కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వింది. "జొరం చూద్దామని పోయి రోగి మీద కూర్చున్నానే!" అంది. నవ్వుతూనే డిస్కు ఖాళీ చేసి, మాకు అవసరమైన కొద్ది కొలతలే ఉంచింది.

అప్పుడు దొరికింది దొంగ. రైతుల వివరాలన్నీ దాచి ఉంచే డేటాబేస్ దగ్గరికి పోయే దారులు కొన్నే ఉన్నాయి. రైతు పేరు వెతికే పని ఒక్కో దారినీ పట్టుకుని వదలకుండా కూర్చుంటోంది, వెనకవన్నీ ఆగిపోతున్నాయి. అయితే ఎందుకు కూర్చుంటోంది? మేం ఆఫీసులో వెతికితే పేరు చిటికెలో వస్తోంది. నేను కోడ్ అంతా మళ్ళీ చదువుదామంటే అక్క లాప్‌టాప్ మూసేసింది. "ఏమే శైలూ, ఎక్కడ ఆగిందో అంకె చెప్పింది. ఎందుకాగిందో అక్కడికి పోయి చూడాల. పద."

స్కూటీ మీద కోల్డ్ స్టోరేజీకి పోయి, వాళ్ళ ఆఫీసు గదిలోకి వెళ్తామనుకున్నాను. అక్క నన్ను తీసుకెళ్ళి ఎండలో టోకెన్ల వరుసలో నిలబెట్టింది, పక్కనే తనూ నిలబడింది. మా ముందు బెల్లంకొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. కౌంటర్లో గుమాస్తా తలెత్తి, "ఎవరింటోళ్ళు బాబాయ్?" అన్నాడు. పెద్దాయన ఇంటిపేరు చెప్పాడు. గుమాస్తా ఆ ఒక్క ఇంటిపేరు కొట్టి బటన్ నొక్కాడు. ఆయన ఊళ్ళో సగం మందిది అదే ఇంటిపేరు. వాళ్ళందరి పేర్లూ, వాళ్ళు ఏళ్ళ తరబడి పెట్టిన బస్తాల వివరాలూ రావడానికి మా అప్లికేషన్ ఆపసోపాలు పడుతోంది. ప్రతి కౌంటర్లోనూ అదే ప్రశ్న, అదే పద్ధతి. మేమేమో ఎప్పుడూ పూర్తి పేరు కొట్టే పరీక్షించాం.

అక్క నుదురు కొట్టుకుంది. "స్క్రీన్‌లో ఇంటిపేరు ముందు పెట్టింది నేనేనే! ఎవరు కనపడ్డా నేను గూడా ముందు అదే అడుగుతా గదా!" అంటూ ఆ వరుసలోనే పొట్ట పట్టుకుని నవ్వింది. పెద్దాయనకు ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు.

ఫోన్ నంబరు కొడితేనే వెతికేలా మార్చాం. గుమాస్తాలు మొహాలు చిన్నబుచ్చుకుంటే అక్క, "ఇంటిపేరు అడగటం మానొద్దు నాయనా, పలకరింపు పలకరింపే. కొట్టేది మాత్రం నంబరు" అని సర్దిచెప్పింది.

సోమవారం పొద్దున్నే అందరం స్క్రీన్ ముందు చేరాం. ట్రాక్టర్లు వస్తున్నాయి, టోకెన్లు పోతున్నాయి, పని ఎంతసేపు ఆగుతోందో చూపే గీత నేలబారుగా పాకుతోంది. మధ్యాహ్నానికి కోటిరెడ్డి బాబాయి ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది.

"అమ్మాయ్, పొద్దుట్నుంచి నీ సాఫ్ట్‌వేర్ ఊసు ఒక్కడన్నా ఎత్తలా" అన్నాడు.

"అంటే బాగున్నట్టేగా బాబాయ్?"

"చానా బాగుండాది. ఆ చేతి చిట్టీలు మాకొద్దులే, ఇదే ఉండనీ."

అక్క ఫోన్ పెట్టేసి మస్తాన్ వీపు మీద ఒక్కటి చరిచి, నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. అంత సంతోషం నేను మళ్ళీ ఏ ఆఫీసులోనూ చూడలేదు. ఆ తర్వాత పెద్ద కంపెనీల్లో చేరాను, అవార్డులిచ్చారు, కేకులు కోశారు. ఏదీ ఆ తిప్పుడుకు సాటి రాలేదు.

ఇప్పుడు నేను చూసే మెషీన్లు చాలా ఎక్కువ. కొలతలు వాటంతట అవే వచ్చి పడుతుంటాయి, రంగురంగుల గీతలు. ఈమధ్య ఒక ఆసుపత్రి అప్లికేషన్ నెమ్మదించింది. ఎక్కడ ఆగుతోందో గీత చూపిస్తోంది, ఎందుకో చెప్పడం లేదు. మీటింగులో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. నేను బ్యాగు తగిలించుకుని బయటపడ్డాను. కాసేపటికి మా మేనేజర్ ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగాడు.

"ఆసుపత్రిలో ఓపీ చీటీల క్యూలో నిలబడ్డానండీ" అన్నాను. "నా ముందు ఇంకా చానామంది ఉన్నారు."