బాతు కంప్యూటర్ల తిప్పేస్వామి

హోటల్లో చట్నీలో ఉప్పు ఎక్కువైతే, ఆ మాట నోరు తెరిచి చెప్పాల్సి వచ్చినందుకు సర్వరుకి సారీ చెప్పే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. మా ఉరవకొండలో, నా జెరాక్స్ షాపు పైన మేడ మీద కంప్యూటర్ సెంటర్ నడిపిన తిప్పేస్వామి ఆ రకం. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు తనే బాధపడేవాడు. వాన రాని ఏడు ఆకాశం వైపు చూసి తల దించుకునేవాడు, ఆ మబ్బుల్ని తనే తోలేసినట్టు. మాకు వాన వచ్చే ఏడే తక్కువ కాబట్టి ఆయన తల ఎప్పుడూ దించుకునే ఉండేది.

నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. అయినా పైన ఆయన, కింద నేను, ఏళ్ళ తరబడి కలిసే ఉన్నాం. నా షాపులో జెరాక్స్, ఎస్టీడీ బూత్, పెళ్ళిపత్రికలు కొట్టడానికి ఒక కంప్యూటర్. పైన ఆయనకు ఆరు కంప్యూటర్లు, పెన్నహోబిలం స్వామి పేరు మీద 'లక్ష్మీనరసింహ కంప్యూటర్స్' అనే బోర్డు.

ఆ రోజుల్లో మా వైపు కంప్యూటర్ డబ్బు పెట్టి కొన్నదే గానీ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరూ కొన్నది కాదు. ఎవరో ఒకరు బెంగుళూరు నుంచి కాపీ సీడీ తెచ్చేవారు. పెళ్ళిళ్ళకు వంటపాత్రలు తిరిగినట్టు ఆ సీడీ ఊరంతా తిరిగేది. దానికి లైసెన్సు అనేది ఒకటుంటుందని మాకు తెలుసు. తెలిసినా పట్టించుకున్నవాడు లేడు. నేనైతే అసలే లేను.

2005 దసరాలో ఆయుధపూజ వచ్చింది. మా సీమలో ఆ రోజు కొడవలికీ, మగ్గానికీ, లారీకీ, తక్కెడకీ బొట్టు పడాల్సిందే. తిప్పేస్వామి భార్య ఇంద్రాణి కంప్యూటర్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి, పూలు చుట్టి, సొరుగులో ఉన్న ఆ సీడీని కూడా తెచ్చి పళ్ళెంలో పెట్టింది. అది లేకపోతే ఏదీ నడవదని ఆమెకు చెప్పింది ఆయనే. ఆమె దాని మీద బొట్టు పెట్టబోతుంటే తిప్పేస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది వద్దు."

"ఏంటికి? అది ఆయుధం కాదా?"

"ఆయుధమే. మంది సొత్తు. దొంగ సొత్తుకి బొట్టు పెట్టి దేవుని ముందర పెడతామా?"

నేను ప్రసాదం కోసం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. "ఏమప్పా, దొంగలు మాత్రం ఆయుధపూజ చేసుకోరా? గడ్డపారకి బొట్టు పెట్టుకోనే పోతారు కన్నమేసేకి" అన్నాను. ఇంద్రాణి నవ్వింది. ఆయన నవ్వలేదు. సీడీని తీసుకుపోయి విరిచేశాడు.

ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ ఆయన దగ్గర చాన్నాళ్ళుగా పడి ఉంది, కంప్యూటర్ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎందరికైనా పంచవచ్చు. లోపల ఏముందో విప్పి చూసి, మనకు కావలసినట్టు మార్చుకోనూ వచ్చు. దొంగ అనేవాడు ఉండడు. ఆ వారంలోనే ఆరు కంప్యూటర్లలో పాతదంతా తుడిచేసి అది ఎక్కించాడు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. ప్రింటరు పలకడం మానేసింది. రెండిట్లో పాటలు వినపడలేదు. ఆ లినక్స్ గుర్తు పెంగ్విన్ అట. ఉరవకొండలో పెంగ్విన్ని చూసినవాడెవడు? 'బాతు కంప్యూటర్లు' అని పేరు పడిపోయింది. నేర్చుకునే పిల్లల్లో సగం మంది బస్టాండు దగ్గరి సెంటరుకి వెళ్ళిపోయారు.

తిప్పేస్వామి మాత్రం తలెత్తుకుని మెట్లు దిగడం నేను మొదటిసారి చూశాను. కాస్త ఒళ్ళు కూడా చేశాడు. పాపం దిగితే తిండి ఒంటబడుతుంది కాబోలు.

ఆ హుషారులో కొత్త బోర్డు రాయించాడు: 'ఇచ్చట ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్పబడును.' "సామీ, ఈ కరువు సీమలో ఉచితం అనే మాట చూసి రాయించాల" అని నేను చెబుతూనే ఉన్నాను. వినలేదు. బోర్డు రంగు ఆరీ ఆరకముందే రామాంజినమ్మ అనే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని మెట్లెక్కింది. దగ్గర పల్లె నుంచి నడిచి వచ్చారు.

"ఈడ ఫ్రీగా కంప్యూటర్ నేర్పిస్తారంట గదా సారూ. మా పాప అరుణజ్యోతి. ఇంటరు పాసయింది."

ఉచితం అంటే ఫీజు లేదని కాదనీ, ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న మాటకు ఇక్కడ అర్థం స్వేచ్ఛ అనీ, మూత తీసి ఇంజను చూపించే బండి లాంటిదనీ, ఎవరి బండి వాళ్ళే బాగు చేసుకునే హక్కనీ తిప్పేస్వామి చాలాసేపు చెప్పాడు. ఆమె ఓపికగా అంతా వింది.

"అట్లయితే దుడ్లు కట్టాల్నా సారూ?"

వద్దన్నాడు. ఏం చేస్తాడు? బోర్డు అలా రాయించిన తప్పు తనదే కదా.

రామాంజినమ్మ మనసులో మాట దాచుకునే మనిషి కాదు. వేసిన వేరుశనగ ఏటేటా ఊడలు దిగకముందే ఎండిపోతుంటే ఆమె భర్త బెంగుళూరికి బిల్డింగు పనికి వెళ్ళిపోయాడు. ఆమె ఇక్కడ కూలికి కాయలు ఒలుస్తోంది. "పాపకు నెలజీతం పని ఒకటి దొరికితే చాలు సారూ, మా ఆయన్ని రమ్మంటా. ఆ మనిషికి ఆడ దుమ్ముకి దగ్గు పట్టుకున్యాది" అని మొదటి రోజే చెప్పింది.

అరుణజ్యోతి మాట తక్కువ పిల్ల. చిన్నప్పటి నుంచీ తల్లి పక్కన కూర్చుని కాయలు ఒలిచిన వేళ్ళు. కీబోర్డు మీద పడితే ఆగేవి కావు. తిప్పేస్వామి ఆ పిల్లకు తెలుగు టైపింగ్ నేర్పించాడు. కీబోర్డు మీద, చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. "పేపరు చూడు పాపా. తెర చూడద్దు. తెర చూస్తే అనుమానమొస్తాది, అనుమానమొస్తే వేగం పోతాది" అనేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల తల ఎత్తకుండా పేజీలకు పేజీలు తప్పు లేకుండా కొట్టేది. ఆ చప్పుడు కింద నా షాపులోకి వినపడేది, చిటపట చినుకులు పడ్డట్టు.

అప్పుడే అనంతపురంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు ఉద్యోగం పడింది. కాంట్రాక్టు పనే, కానీ నెలనెలా జీతం. పరీక్ష తెలుగు టైపింగ్. రామాంజినమ్మ అప్పుడే మొగుడికి కబురు కూడా పంపించింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెలుగు కొట్టడానికి ఒకే పద్ధతి లేదు. అక్షరాలు అవే, మీటల మీద వాటి చోట్లే వేరు. ఒక పద్ధతిలో 'ప' ఉన్న మీట నొక్కితే ఇంకో పద్ధతిలో ఇంకేదో పడుతుంది. లినక్స్‌లో ఉన్నది ఒక రకం. పెళ్ళిపత్రికలు కొట్టే మా డీటీపీ వాళ్ళది ఇంకో రకం. ఆఫీసుల్లో ఎక్కడ చూసినా మా రకమే. తిప్పేస్వామిని షాపులోకి పిలిచి ఇదంతా చెప్పాను.

"కాగితం మీద గవర్నమెంటు ఒప్పుకున్నది నేను నేర్పించిందేనప్పా" అన్నాడు.

"గవర్నమెంటు కాగితం మీద ఒకటి చెప్తాది, గవర్నమెంటు ఆఫీసులో ఇంకోటి కొడతారు. ఆ పిల్లని కొద్దిదినాలు నా కంప్యూటర్ మీద కూచోబెట్టు. చెయ్యి తిరుగుతాది."

ఆయన ముఖం చిన్నబోయింది. "నీదాంట్లో ఉండేది కాపీది గదా బయ్యన్నా."

"అవును. అయితే ఏమి?"

"ఒకసారి కడుక్కుంటి. మళ్ళా ఆ అడుసులో కాలు పెట్టలేను, ఆ పిల్లతో పెట్టించలేను. పరీక్షలో రెండు రకాలూ పెట్టింటారులే."

నాకు ఒళ్ళు మండింది. "మడి కట్టుకునేది నువ్వు, పస్తుండేది ఆ పిల్లా?" అని అరిచాను. షాపులో జెరాక్స్‌కి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. ఆయన నాకు సారీ చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇంకో పద్ధతి ఉందన్న మాట కూడా ఆ పిల్లకు చెప్పలేదు. చెబితే భయపడుతుందన్నాడు. చెబితే ఆ పిల్ల నేరుగా నా షాపుకి వచ్చి కూర్చుంటుందని ఆయన భయం. ఆ పిల్ల బతుకు కన్నా తన శుభ్రత ఎక్కువైపోయింది ఆ మనిషికి. స్నేహితుడే గానీ, ఈ మాట అనక తప్పదు.

పరీక్ష రోజు తల్లీకూతుళ్ళతో పాటు తనూ బస్సెక్కాడు. ఆఫీసు వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. మొదలుపెట్టమనగానే అరుణజ్యోతి వేళ్ళు కదిలిన వేగానికి పక్కవాళ్ళు తమ పని ఆపి చూశారట. ఆ పిల్ల కళ్ళు పేపరు మీద నుంచి కదల్లేదు. తిప్పేస్వామికి ఛాతీ ఉప్పొంగిందట. ఇచ్చిందంతా కొట్టి, అందరికన్నా ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు తలెత్తి తెర చూసింది.

ప్రింటు తీసిన ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేం భాషమ్మా?" అన్నాడు. వరసల నిండా అక్షరాలే, చదవడానికి ఒక్క మాట లేదు. గుణింతాలు ముందొచ్చి పడ్డాయి, ఒత్తులు దేనికీ అంటుకోకుండా ఒంటరిగా నిలబడ్డాయి. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. "వేగం బాగుంది. కానీ నీకు మళ్ళీ అవకాశమిస్తే మిగతావాళ్ళు ఒప్పుకోరు కదమ్మా" అని కాగితం పక్కన పెట్టేశాడు.

బయటికొచ్చాక ఆ పిల్ల ఏడవలేదు. "నేను పేపరే చూసినా సార్. మీరు చెప్పినట్టే. తల ఎత్తనేలేదు" అంది.

తిప్పేస్వామి సారీ చెప్పబోయాడు. రామాంజినమ్మే ఆయన్ని ఓదార్చింది. "పోనీలే సారూ, బాధపడాకు. ఫ్రీగా నేర్పిస్తిరి. దుడ్లు ఇచ్చింటే అడుగుదుము గానీ."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అని ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేది. మరునాడు నా షాపులో బల్ల వెనక కూర్చుని ఈ మాట చెప్పి చెప్పి ఏడ్చాడు. నేను అరవాలనుకున్న అరుపులన్నీ మింగేశాను.

తర్వాత మనిషి పూర్తిగా చెడిపోయాడు. తిన్నదీ లేదు, ఎవరికైనా సరిగా నేర్పిందీ లేదు. ఆ పల్లెకు పోయి రామాంజినమ్మకు సారీ చెప్పి వస్తాడు, మళ్ళీ పోయి మళ్ళీ చెప్పి వస్తాడు. "ఆ సారు వచ్చినప్పుడల్లా పని ఆపి కూచోవల్సొస్తాండాది, కూలి పోతాది. కొంచెం చెప్పన్నా" అని ఆమె సంతకు వచ్చినప్పుడు నాతో మొత్తుకుంది. చెప్పాను. అది విని దానికీ బాధపడ్డాడు.

కొన్నాళ్ళకు అరుణజ్యోతి తన ఇంటరు మార్కుల కాగితం జెరాక్స్ తీయించుకోవడానికి నా షాపుకి వచ్చింది. ఆ పిల్ల గొంతు విని తిప్పేస్వామి గబగబా మెట్లు దిగి వచ్చాడు. మొదలుపెట్టాడు.

"తప్పంతా నాది పాపా. ఇంకో రకం ఉండాదని ఈ బయ్యన్న చెప్పినా నేను నీకు చెప్పలేదు. దొంగ సొత్తు ముట్టుకోకూడదని పంతం పడితి. ఆ పంతంలో నాకు వేరే దోవ కనపడలేదు."

ఆ పిల్ల అంతా విని అడిగింది.

"సార్, మన దాంట్లో విప్పి చూసి యాది కావల్లంటే అది మార్చుకోవచ్చు అని మీరే చెప్తాంటిరి గదా."

"అవును."

"మరి ఆ అచ్చరాల చోట్లు మార్చేకి రాదా?"

నేను జెరాక్స్ మిషన్ ఆపేశాను. ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగా తెలియక అడిగింది. విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు అని మెట్లెక్కిన ప్రతివాడికీ చెప్పిన మనిషి, తను ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఉచితం అంటే ఫీజు లేదనుకుంది రామాంజినమ్మ. ఉచితం అంటే దొంగతనం కాదు అని మాత్రమే అనుకున్నాడు ఈయన. ఇద్దరిలో ఆమెనే క్షమించవచ్చు.

తిప్పేస్వామి పైకి వెళ్ళిపోయాడు. మరునాడు మధ్యాహ్నం వచ్చి నా కీబోర్డు మీది అక్షరాల చోట్లు గీసుకుని పోయాడు. సాయంత్రానికల్లా నన్ను పిలిచాడు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలో లినక్స్‌లో వరసగా రాసి ఉంటుందట, మీటకొక మాట చొప్పున. చదవడం వచ్చిన ఎవరైనా దాన్ని దిద్దవచ్చు. ఆయన దిద్దాడు. నన్ను కూర్చోబెట్టి కొట్టమన్నాడు. నా చేతికి అలవాటైన పద్ధతిలో, ఏ దొంగ సీడీ లేకుండా, తెలుగు చక్కగా పడింది.

"బాగుండాది సామీ" అన్నాను.

ఆయన ముఖంలో సంతోషం లేదు. "కష్టమయ్యింటే నాకు నిమ్మళంగా ఉండేది బయ్యన్నా. ఇది చూడు, ఒక్క సాయంత్రం పని. పరీక్షకు ముందు ఒక్క సాయంత్రం దీని ముందర కూచోనింటే చాలు. కూచోలేదు. నేను దొంగను కాదని మురుసుకుంటా కూచుంటి."

అనంతపురంలో ఆ కుర్చీలో అప్పటికే ఇంకెవరో చేరిపోయారు. రామాంజినమ్మ భర్త ఆ ఏడు కూడా బెంగుళూరులోనే ఉండిపోయాడు, దగ్గుకుంటూ.