కొట్టి చూసి కొన్న కారు

రాయిని కొట్టి చూసే పనిలో నేను చేరకముందే నన్ను కొట్టి చూసినవాళ్లు ఉన్నారు. ఏడో తరగతిలో లెక్కల సారు నా తలమీద రెండు మొట్టికాయలు వేసి, చెవి దగ్గరగా పెట్టి విని, "లోపల ఏమీ లేదురా, ఖాళీ" అని తేల్చేశాడు. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ ఏడు వేసవి సెలవులకు బడి మూసినారు, నా వరకు మళ్లీ తెరవలేదు. సారు చెప్పింది తప్పని చూపించే అవకాశం చాలా ఏళ్లకు నంద్యాలలో దొరికింది. ఒక పాత కారు ముందర నిలబడి ఆయన మాటే నిజం చేసి వచ్చాను.

బడి మానేసినాక ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డులో చేరాను. మేస్త్రి నాకు ముందు నేర్పింది చెక్కడం కాదు, వినడం. నల్లరాయి దించగానే నీళ్లు పోసి కడిగి, సుత్తితో అక్కడక్కడ తట్టి చెవి పెట్టాలి. గంట మోగినట్టు ఖంగుమంటే రాయి మంచిది. గొంతు పూడుకున్నట్టు మోగితే లోపల యాడనో పగులుంది. అది కంటికి కనపడదు. నెలరోజులు చెక్కినాక సరిగ్గా దేవుడి ముక్కు దగ్గర బయటపడుతుంది.

తర్వాత నేర్పింది ఇంకా కఠినం. చెక్కేటప్పుడు విగ్రహానికి వేలి కొన ఇంత ఊడినా దానికిక పూజ లేదు. జిగురు పెట్టి అతికించి, పైన నూనె పూసి నలుపు చేస్తే కొనేవాడు కనిపెట్టలేడు. అయినా మేము చెయ్యం. పక్కన పెట్టేసి కొత్త రాయి ఎత్తుకుంటాం. మా షెడ్డు వెనకాల వేలు లేని అమ్మవార్లు, చెవి లేని నందులు గోడకు ఆనుకుని వరసగా ఉంటారు. మధ్యాహ్నం వాళ్ల పక్కనే కూర్చుని అన్నం తింటాం. ఇన్నేళ్లలో ఒక్కరిని కూడా అతికించి లోపలికి తెచ్చుకోలేదు.

చెవి విషయంలో నాకు చుట్టుపక్కల కాస్త పేరుంది. వేరే షెడ్లవాళ్లు కూడా "ఒకసారి వచ్చి తట్టిపోప్పా" అని పిలుస్తారు. ఆ పేరు నా నెత్తికెక్కింది. కారు కొనేటప్పుడు కూడా దిగలేదు.

మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ కారు లేదు. నా భార్యను వెంటబెట్టుకుని నంద్యాలలో పాత కార్లు అమ్మే చోటికి పోయాను. అమ్మేవాడు తలుపులు తెరిచి చూపిస్తుంటే నేను వేలి గెణుపులతో తలుపు తట్టాను. తర్వాత బోనెట్టు, డిక్కీ, చక్రాల పైన రేకులు. కారు చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తట్టుకుంటూ తిరిగాను.

"ఏందన్నా, తలుపు తట్టి పిలుస్తాండావ్? లోపల ఎవరూ లేరు" అన్నాడు అమ్మేవాడు.

"సొట్టలకు పుట్టీ పూసింటే పలుకుతాదని" అన్నాను.

పలకలేదు. రేకు రేకంతా ఖంగుమంది. యాక్సిడెంటు కాలేదు, పుట్టీ పెట్టి పైన రంగు పూసింది లేదు. నేను తలెత్తి చూసిన చూపుకు అక్కడ పనిచేసే వాళ్లు కూడా దగ్గరికొచ్చినారు.

నా భార్య మాత్రం బోనెట్టు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. "ఏమయ్యా, ఇది ఇప్పుడే వేడిగా ఉండాదే. మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టినట్టుండారు. చల్లగా ఉంటే మొరాయిస్తాదేమో" అంది.

"ఈ ఎండకు అప్పడాలే వేగుతాండాయి, ఇనుము వేడెక్కదా?" అన్నాను.

అమ్మేవాడు పడీ పడీ నవ్వినాడు. ఆమె చెయ్యి తీసేసింది. ఆ కారు రేకుల షెడ్డు కింద నీడలో ఉండిందని నాకిప్పుడు గుర్తొస్తుంది.

ఒక ఏడాది బాగానే తిరిగాం. యాగంటికి పోయాం, అహోబిలానికి రెండుసార్లు పోయాం. తర్వాత దానికి జ్వరాలు మొదలయ్యాయి. పది మైళ్లు పోతే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేది. పొగలు కక్కుకుంటూ ఆగేది. గంటసేపు గమ్మున ఉంటే మళ్లీ కదిలేది. ఒకసారి రేడియేటర్ మార్పించాను, ఒకసారి నీళ్ల పంపు. మూడోసారి మెకానిక్ భాయ్ ఇంజన్ విప్పి నన్ను పిలిచి చూపించినాడు.

"గ్యాస్కెట్ కాలిపోయింది అన్నా. కొత్తది ఏస్తా. మళ్లీ కాలిపోతాది. హెడ్డే వంకర పోయింది."

"ఎవరి హెడ్డు భాయ్?"

"ఇంజన్‌ది. నీది తర్వాత చూద్దాంలే. నా మాటిని దీన్ని అమ్మెయ్, లేదంటే ఇంజన్ మొత్తం మార్పించు. అతుకులేస్తా పోతే నాకు మంచిదే గానీ, నీకు కాదు."

ఒక మెకానిక్ తనకు నష్టమొచ్చే మాట చెప్పినాడంటే అది నిజమేనని ఎవరికైనా తెలియాలి. నేను నలుగుర్ని అడుగుదామనుకున్నాను. టీ అంగడి దగ్గర అడిగాను. సగం మంది అమ్మమన్నారు, సగం మంది బాగు చేయించమన్నారు. పక్కింటాయనను అడిగాను. మంగలి షాపులో గడ్డం సగం గీసి ఉండగా అద్దంలోంచి అడిగాను. సంజామల నుంచి రాయి లారీ తెచ్చిన డ్రైవర్ని కూడా వదల్లేదు. ఎవరు ఏం చెప్పినా దానిమీద ఒక జోకు వేసి ఇంకొకరి దగ్గరికి పోయేవాడిని.

చివరికి మేస్త్రిని అడిగాను. ఆయన ఉలి చేతిలోంచి దించకుండానే అన్నాడు. "ఏలు ఊడిన బొమ్మను వెనక్కి పారేస్తావు. ఇంజన్ ఊడిన కారును మాత్రం పెట్టుకుని పూజ చేస్తాండావు. ఏంరా ఇది?"

"కారుకు హారతి ఎవరిస్తారన్నా?"

"నువ్వే ఇస్తాండావు కదరా, వారం వారం భాయ్ షెడ్డులో."

అందరూ నవ్వినారు, నేనూ నవ్వాను. లోపల ఉన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ కారును నా చెవితో కొన్నాను. ఇంతమంది ముందర తట్టి, విని, మంచిదని చెప్పి కొన్నాను. దాన్ని అమ్మితే నా చెవిని అమ్మినట్టే. అందుకని అతుకే వేయించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే డీఎస్సీ పరీక్ష పడింది.

నా భార్య పెళ్లినాటికే టీచరు ట్రైనింగ్ చేసింది. ఊర్లో ప్రైవేటు బడిలో చెప్తూ ప్రభుత్వం ఎప్పుడు పరీక్ష పెడుతుందా అని ఎదురుచూసేది. ఒకసారి కొద్దిలో పోయింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు పరీక్షే లేదు. ఈసారి పడేసరికి ఆమె వయసు చివరి గీత మీద నిలబడి ఉంది. ఇది తప్పితే మళ్లీ రాయనివ్వరు. పోపుల డబ్బాకు పుస్తకం ఆనించి వంట చేసేది. "ఏమ్మే, పప్పులో బిట్లు ఏసినావా, ఉడకలేదు" అని ఏడిపించేవాడిని. ఆమె నవ్వకుండా పేజీ తిప్పేది.

పరీక్ష నంద్యాల అవతల ఒక కాలేజీలో. తొమ్మిదికి గేటు మూస్తారు, నిమిషం దాటినా రానివ్వరు. వారం ముందే ఆమె చెప్పింది. "నేను ఆరు గంటల బస్సుకు పోతానయ్యా."

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సుకు పోతావా? నలుగురు ఏమనుకుంటారు? గ్యాస్కెట్ కొత్తది వేయించినా. ఇప్పుడు అది పెండ్లికొడుకు."

ఆమె నా మొగం వంక కొంచెంసేపు చూసింది. "సరే" అంది. ఆ సరే కారు మీద నమ్మకంతో అన్నది కాదు.

ఆ పొద్దున ఆరు గంటల బస్సు పోయేటప్పుడు నేను కారుకు పసుపు కుంకుమ పెడుతున్నాను. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, ఏడున్నరకు బయల్దేరదీశాను. కారే కదా, గంట సాలు అన్నాను. శిరివెళ్ళ దాటినాక ముల్లు లేచింది. నేను చూశాను, ఆమె కూడా చూసింది. ఆపకుండా పోనిచ్చాను. ఇంకొంచెం పోయేసరికి బోనెట్టు సందుల్లోంచి ఆవిరి వచ్చింది.

కిందికి దిగి మూత తెరిచి, "ఇడ్లీ పాత్ర తెచ్చుకోవాల్సిందిమే" అన్నాను.

ఆమె హాల్‌టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు గుండెకు పట్టుకుని నిలబడింది. "ఎంతసేపు?" అంది.

"ఐదు నిమిషాలు. చల్లబడనీ."

ఐదు పది అయ్యాయి. అప్పుడే ఆళ్లగడ్డ వైపు నుంచి బస్సు వచ్చింది. ఆమె రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తింది. సరిగ్గా అదే నిమిషంలో నేను తాళం తిప్పాను, ఇంజన్ అందుకుంది.

"అయిపాయ, అయిపాయ! రామ్మే, ఎక్కు!" అని అరిచాను.

బస్సు వేగం తగ్గించింది. డ్రైవర్ ఆమె వంక చూశాడు. ఆమె నా వంక చూసింది. చెయ్యి దించేసింది. బస్సు పోయింది. ఆమె వచ్చి కార్లో కూర్చుంది.

ఒక ఫర్లాంగు కూడా పోలేదు. లోపల ఏదో గొంతు పూడుకున్నట్టు మోగింది. ఆ మోత నాకు బాగా తెలుసు. చిన్నప్పటినుంచి రాళ్లలో వింటున్నదే.

ఆ తర్వాత రెండు కార్లు ఆపకుండా పోయాయి. ఒక ఆటో ఆగింది. కారును రోడ్డు పక్కన బోనెట్టు తెరిచే వదిలేసి ఇద్దరం ఎక్కాం. దారి పొడుగునా ఆమె టైము అడగలేదు. కాలేజీ చేరేసరికి గేటు మూసి పన్నెండు నిమిషాలైంది. గేటు బయట ఇంకా ముగ్గురు ఉన్నారు. ఒకాయన కాపలావాడి గడ్డం పట్టుకుని బతిమాలుతున్నాడు. నేనూ పోయి నాకు తెలిసిన మాటలన్నీ వాడాను, నవ్వించబోయాను కూడా. "నా చేతిలో ఏముందప్పా, లోపల కంప్యూటర్లు మొదలైనాయి" అన్నాడు అతను. నా బతుకులో ఒక మనిషిని నవ్వించలేకపోయినందుకు అంత కుంగిపోయింది ఆ రోజే.

నా భార్య ఏడవలేదు. గేటు కమ్మీల్లోంచి లోపలి మెట్ల వంక చూసింది. హాల్‌టికెట్‌ను కవర్లోంచి తీసి, ఫోటో మీద అంటిన చెమట కొంగుతో తుడిచి, మళ్లీ కవర్లోనే పెట్టింది. ఎందుకు తుడిచిందో నేను అడగలేదు.

బస్సులో తిరిగొచ్చాం. శిరివెళ్ళ ముందర రోడ్డు పక్కన మా కారు నోరు తెరుచుకుని కనపడింది. చక్రానికి కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది. బస్సులోవాళ్లు కొందరు దాన్ని చూసి నవ్వినారు. నా నాలుక మీదికి కూడా ఒక జోకు వచ్చింది. పక్కకు చూసి మింగేశాను.

కారును పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను. వాడు ఇంజన్ వంక చూడనే లేదు. రేకులు తట్టి చూసి, "బాడీ మంచిదన్నా" అని మెచ్చుకున్నాడు. మేస్త్రి ఆ సంగతి విని ఒక్క మాట అనలేదు. ఆయన అని ఉంటే బాగుండేది.

పుస్తకాలన్నీ నా భార్య వెనక వీధిలో ట్రైనింగ్ చేస్తున్న పిల్లకు ఇచ్చేసింది. ప్రైవేటు బడికి పోయి వస్తూనే ఉంది. వంట చేసేటప్పుడు పోపుల డబ్బా మీద ఏమీ ఉండదు. పప్పు బాగా ఉడుకుతుంది. నేను దాన్ని గురించి ఏమీ అనను.

ఆర్నెల్లు పోయాయి. ఒక ఆదివారం పొద్దున ఆమె వసారాలో కూర్చుని పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. నేను టీ తాగుతూ, చానా రోజులకు ధైర్యం తెచ్చుకుని, ఎప్పటి మాదిరి నవ్వుతూ అడిగాను. "ఏమ్మే, అవుకు దగ్గర ఒకాయన కారు అమ్ముతాండాడంట. ఈసారి తలుపులు కాదులే, ఇంజన్‌నే కొట్టి చూస్తా. ఏమంటావ్?"

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. దిద్దుతున్న పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"కారు ఆగిపోతే బాగు చేయించాల్నా మార్చాల్నా అని ఊరంతా తిరిగి అడిగొస్తివి కదయ్యా. నేను ఆగిపోయి ఆర్నెల్లాయ. ఒక్కర్నన్నా అడిగితివా?"