మోగకూడదని తెలిసిన కాలింగ్ బెల్

మా ప్రాజెక్టు మాస్టారు పోయారు. గుండెపోటట. పద్మనాభం నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెబితే నమ్మబుద్ధి కాక మళ్ళీ చెప్పమన్నాను.

కూర్మన్నపాలెం దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. రోజూ పద్మనాభం నుంచి బస్సులు మారి వచ్చేవారు. ఒకసారి ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి వచ్చి, బెల్ నొక్కకుండా గుమ్మంలోంచే నాకు ఫోన్ చేశారు.

"మీ నాన్న పడుకున్నాడు కదేటి?"

ఎలా తెలిసిందని అడిగాను.

"డ్యూటీ బూట్లు స్టాండు మీదున్నాయి. పట్టపగలు కర్టెన్ దించేసుంది. ఈ వేళప్పుడు మీ వంటింట్లో కుక్కర్ కూత నేదు. ఒక్కటే అయితే నాను నమ్మను. అన్నీ ఒకే మాట సెప్తన్నాయి కదా! ఇదే నీ ప్రాజెక్టు, సేసియ్యి."

నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. కరిగిన ఉక్కు నింపిన బకెట్లను పైనుంచి నడిపిస్తాడు. నైట్ షిఫ్ట్ దిగి పగలు పడుకుంటే, ఏ కొరియర్ అబ్బాయో బెల్ నొక్కగానే లేచిపోయేవాడు. ఇక నిద్ర పట్టేది కాదు. ఆ రాత్రి క్రేన్ మీద కునుకు పడితే? మీ ఇంట్లోనూ నైట్ షిఫ్ట్ మనిషి ఉంటే ఈ భయం మీకు తెలిసే ఉంటుంది. అమ్మ పైకి అనేది కాదు, నాన్న లేచేదాకా కుక్కర్ పెట్టేది కాదు, అంతే.

షూ స్టాండుకి ఒక సెన్సర్, మంచం కోళ్ళ కింద బరువు చూసేదొకటి, గదిలో వెలుతురు చూసేదొకటి పెట్టాను. మూడూ కలిపి నాన్న పడుకున్నాడని తేలితే, ఎవరు నొక్కినా బెల్ మోగదు, బదులుగా వంటింట్లో చిన్న లైటు వెలుగుతుంది. మురిసిపోయి మాస్టారిని పిలిచాను.

ఆ రోజు ఒకటే వాన. హాల్లో కూర్చుని ఎదురుచూస్తున్నాం, బెల్ మోగదే! నాన్న పకోడీలు కొనుక్కుని వచ్చేసరికి మాస్టారు తడిసి ముద్దయి, బెల్ నొక్కుతూ గుమ్మంలో ఉన్నారు. తీరా చూస్తే, మబ్బుకి గది చీకటైంది. అమ్మ బయట ఆరేసిన బట్టలన్నీ మూటలుగా తెచ్చి మంచం మీద పడేసింది. తడుస్తాయని నాన్న బూట్లు వదిలి చెప్పులేసుకెళ్ళాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మాత్రం పకోడీ నములుతూ పకపకా నవ్వారు.

"ఏడుస్తావేటమ్మా? మూడూ వాన సెప్పిన మాటే సెప్పాయి. నోళ్ళు మూడు గానీ మాట ఒకటే. వానకి అందనిదొకటి సూడు."

అలా పరుపు కింద ఊపిరి కదలికను పట్టి నా ఫోన్‌లో గీతగా చూపే పట్టీ వచ్చింది. ఆ గీత నిలకడగా ఉంటేనే నిద్రని లెక్క. నాన్నకి కంటినిండా నిద్రా వచ్చింది. మా వీధిలో షిఫ్టుల వాళ్ళందరూ ఆ బెల్లే అడిగి పెట్టించుకున్నారు.

మాస్టారి చివరి చూపుకి నాన్న డ్యూటీ దిగి తిన్నగా పద్మనాభం వచ్చాడు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. రాత్రి మళ్ళీ క్రేన్ ఎక్కాలి. "కాసేపు పడుకుంతానమ్మా" అని గదిలోకి వెళ్ళాడు. బూట్లు స్టాండు మీదున్నాయి, గది చీకటిగా ఉంది, మంచం మీద మనిషి ఉన్నాడు. అయినా పక్కింటావిడ నొక్కగానే బెల్ మోగింది. ఫోన్‌లో చూశాను. ఊపిరి గీత ఎగిరెగిరి పడుతోంది. నాన్న నిద్రపోవడం లేదు, ఏడుస్తున్నాడు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఏటీ నేదు," అన్నాడు గోడవైపు తిరిగి. వీపు మీద చెయ్యి వేశాను. ఆ వాన రోజు మాస్టారు ఇంకొకటి చూడమనకపోయి ఉంటే, బెల్ మోగేది కాదు, నాన్న ఆ గదిలో ఒంటరిగా ఏడ్చేవాడు.

చాలాసేపటికి గీత నెమ్మదించింది. ఇంకెవరో పలకరించడానికి వచ్చినట్టున్నారు, తలుపు సందులోంచి వంటింట్లో లైటు వెలగడం కనిపించింది. అమ్మ చప్పుడు కాకుండా వెళ్ళి తలుపు తీసింది.